జార్జి వాషింగ్టను – దళాధికారుల కొఱత

వాషింగ్టను పేరు వినగానే మన చదువరులలో పెక్కండ్రకు గొడ్డలితో చెఱ్ఱీచెట్టును నఱికి తండ్రియెదుట నిజము చెప్పిన బాలుడు జ్ఞప్తికి వచ్చును. ఆ కథ వీమ్సు అను గ్రంథకర్త, వాషింగ్టను గతించిన కొన్నియేండ్లకు, తాను వ్రాసిన జీవితచరిత్రమున చేర్చిన కల్పనయని విమర్శకులు తలంచుచున్నారు. కల్పనలతో పని లేకయే మెచ్చదగిన గుణములు ఆ మహాపురుషునియందు కలవు. వానిలో నొకదానిని గూర్చియే యిచట వ్రాయదలచితిమి. ఎనిమిదేండ్లకు పైగా ఆయన యొక సైన్యమును నడపెను. ఆ సైన్యమునకు మందుగుండు చాలకుండెను. వస్త్రములు, పాదరక్షలు చాలకుండెను. చరిత్రములు చదివినవా రందఱును దీని నెఱుగుదురు. కాని ఆయనను మఱింత లోతుగ వేధించిన కొఱత వేఱొకటి కలదు. భటులను నడపదగిన అధికారులు లేకపోవుటయే యది.

వాషింగ్టను 1732వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీని వర్జీనియాలో జన్మించెను. పదునొకండవ యేట తండ్రి గతించెను. అన్నలవలె ఇంగ్లండునకు పోయి చదువుకొను భాగ్య మాయనకు లభింపలేదు. భూములు కొలుచు పని నేర్చుకొని, అడవులలో తిరిగి, యిరువది రెండేండ్లు నిండునప్పటికే వర్జీనియా దండులో అధికారియై, 1754లో ఫ్రెంచివారితో పోరి యోడి, నెసెసిటీ యను కోటను వారికి వశపఱచెను. మఱుసటి సంవత్సరము బ్రాడ్డకు సేనాని ఆంగ్లసైన్యముతో మొనాంగహీలా నదియొద్ద నాశనమైనప్పుడు ఆయన పక్కననే యుండి, గుఱ్ఱములు తనక్రింద కూలుచున్నను నిలిచి పోరాడెను. అటుపిమ్మట వర్జీనియా పటాలమునకు కర్నలు పదవి దొరకెను.

ఆ పదవితోడనే ఆయన కొక చేదు అనుభవమును కలిగెను. రాజుగారి సన్నదు గల సామాన్యపు కెప్టెనుకూడ, వలసరాజ్యపు కర్నలుకంటె తానే అధికుడనని వాదింపవచ్చునట! అట్టి యొక కెప్టెను తన యాజ్ఞకు లోబడనొల్లనందున, 1756లో వాషింగ్టను బోస్టనువఱకు గుఱ్ఱముమీద ప్రయాణముచేసి పై సేనాధిపతికి మొరపెట్టుకొనవలసి వచ్చెను. ఆ యొక్క తగవు తీఱెను గాని ఆయన కోరిన రాజసన్నదు మాత్ర మెన్నడును రాలేదు. 1758లో ఆ కొలువును విడిచి యింటికి పోయెను. పదవీ తారతమ్యమువలన మానవుని మనస్సున కెట్టి గాయము కలుగునో ఆయన యీ రీతిగ స్వానుభవమున తెలిసికొనెను. ముందుముందు తనక్రింది వారి మూలుగులను వినవలసి వచ్చినప్పుడు ఈ జ్ఞాపక మాయనకు తోడ్పడియుండునని మేము నమ్ముచున్నాము.

1775వ సంవత్సరము జూనునెలలో అమెరికా వలసరాజ్యముల కాంగ్రెసు ఆయనను సర్వసేనాధిపతిగ నెన్నుకొనెను. ఆయన జీతము వలదని, ఖర్చుల లెక్కమాత్రము వ్రాసియుంచి చూపెదనని ఒప్పుకొనెను. జూలై 3వ తేదీని బోస్టను నగరమున కెదుటనున్న కేంబ్రిడ్జిలో దండును స్వాధీనము చేసికొనెను. దండు అనుటకంటె గుంపు అనుట యొప్పును. సుమారు 16,000 మంది రైతులు, చేతిపనివారు, నావికులు గుడారములలోను, గుడిసెలలోను దిగియుండిరి. మసాచుసెట్సు మొదలగు ఉత్తరపు వలసరాజ్యములలో భటులే తమ అధికారులను ఎన్నుకొను ఆచార ముండెను. ఎన్నుకొన్నవారికి లోబడవలసిన యధికారి వారి నెట్లు శాసించును? ఒక కెప్టెను తన భటునికి క్షౌరము చేయుచుండుటను అచటి వారు కన్నులార చూచిరి. ఆ కెప్టెను స్వగ్రామమున మంగలియై యుండవచ్చును. ఆ వృత్తిలో తప్పేమియు లేదు. కాని ఱేపు ఆ భటుని గుండ్లవర్షములోనికి నడువుమని యాజ్ఞాపింపవలసినవాడును అతడే కదా!

ఎవ డధికారియో ఎవడు భటుడో తెలియుటకు ఒకే రీతి దుస్తులైనను లేవు. అందుచేత వాషింగ్టను, సేనాధిపతికి లేతనీలి పట్టీ, మేజరు జనరళ్లకు ఊదాపట్టీ, పటాలపు పెద్దలకు టోపీమీద ఎఱ్ఱని గుర్తు, కెప్టెనులకు పసుపు, క్రిందివారికి ఆకుపచ్చ అని రంగులు నిర్ణయించెను. రంగులు వేయుట సులభము. ఆ రంగు ధరించువానిని తయారుచేయుట సులభము గాదు. ఒకడు లేని భటులను ఉన్నట్లు పుస్తకములో వ్రాసి వారి జీతమును, గ్రాసమును తినుచుండెను. ఇంకొకడు బంకర్సుహిల్లు యుద్ధమున పిఱికితనము చూపెను. వాషింగ్టను వచ్చిన రెండునెలల లోపలనే ఒక కర్నలును, పలువురు కెప్టెనులును ఇట్టి నేరములకై సైనిక న్యాయసభలచే పదవీభ్రష్టులైరి.

ఆ దినములలో ఆయన తన బంధువుల కేకాంతముగ వ్రాసిన లేఖలు కొన్ని మిగిలియున్నవి. వానిలో ఉత్తరదేశపు అధికారులను మిక్కిలి కఠినముగ నిందించెను. ఇందు సగము న్యాయము, సగము దురభిమానము అని మా యభిప్రాయము. వేలకొలది ఎకరములు, పెక్కండ్రు బానిసలు గల వర్జీనియా భూస్వామికి, చిన్న పొలము దున్నుకొని గ్రామసభలో తలయెత్తి మాటలాడు రైతు మర్యాద తెలియనివానివలె కనబడుట వింతగాదు. కాని ఆయన రాకకు ముందు జూను 17వ తేదీని ఆ రైతులే బంకర్సుహిల్లున నిలిచి, ఆంగ్లసైన్యమున వేయిమందికి పైగా చచ్చునట్లును గాయపడునట్లును చేసియుండిరి. అధికారి యనువాడు పెద్దమనిషియై యుండవలెనని వాషింగ్టను నమ్మకము. పెద్దమనిషి యనగా ఎవడను ప్రశ్నకు మాత్రము యుద్ధమే ఆయనకు క్రమముగ జవాబు చెప్పెను. ఆ సంవత్సరపు నవంబరులో నీగ్రోలను దండులో చేర్చుకొనరాదని యుత్తరువు చేసిన యాయనయే, డిసెంబరు ముగియునప్పటికి, అంతకుముందు కొలువుచేసిన స్వతంత్రులైన నీగ్రోలను మరల చేర్చుకొనుట కనుమతించెను. అవసర మాయన కన్నులను కొంచెము కొంచెముగ తెఱచుచుండెను.

ఇట్టి కొఱత యేల కలిగెనో చూతము. వలసరాజ్యములలో సైనికవిద్య నేర్పు పాఠశాల యొక్కటియు లేదు. దండులో అనుభవము గలవారు పూర్వపు ఫ్రెంచి యుద్ధములలో పనిచేసిన కొలదిమంది మాత్రమే. నియామకముల పద్ధతి యింకను చెడ్డది. జనరళ్లను కాంగ్రెసు నియమించును. కర్నలు మొదలు క్రిందివారినందఱిని ఆయా వలసరాజ్యముల ప్రభుత్వములు నియమించును. యుద్ధము చేయవలసిన సేనాధిపతికి ఎంచుకొను స్వాతంత్ర్యము లేదు. భటులను చేర్చుకొను గడువు ఒక్క సంవత్సరము. అది ముగియగానే ఎవడు ఎక్కువమందిని చేర్చుకొని వచ్చునో వానికే కంపెనీ దొరకును. తన యూరివారికి ప్రియుడై, వారి తప్పులను చూచిచూడనట్లు పోవువాడే ఎక్కువమందిని చేర్చగలడు. క్రమశిక్షణ కోరువాని వెంట ఎవడును రాడు. జీతమో, భటునికి నెలకు ఆఱు డాలర్ల చిల్లరయుండగా కెప్టెనుకు మొదట నిరువది డాలర్లు మాత్రమే. ఇంటియొద్ద జరుగుబాటు గలవాడు ఈ జీతమునకు రాడు. జరుగుబాటు లేనివాడు వచ్చి భటులతో బేరములకు దిగును.

1776లో యుద్ధము న్యూయార్కునకు మాఱెను. ఆగస్టు 27వ తేదీని లాంగుద్వీపమున ఘోరపరాజయము. సెప్టెంబరు 15వ తేదీని కిప్సుబే యను రేవున ఆంగ్లులు దిగగానే, భటులును వారి నడపవలసిన యధికారులును కలిసి పాఱిపోయిరి. వాషింగ్టను స్వయముగ గుఱ్ఱమును వారి నడుమకు తోలి ఆపజూచెను గాని ఆపలేకపోయెను. శత్రువులు సమీపించువఱకు ఆయన అచటనే నిలిచియుండెను. పదిదినములలో కాంగ్రెసునకు దీర్ఘమైన లేఖ వ్రాసెను. యుద్ధము ముగియువఱకు నిలుచు సైన్యము కావలెననియు, అధికారికి పరువుగ జీవింపదగిన జీతము లేనిచో పరువుగలవాడు రాడనియు, మంచి యధికారి లేనిచో మంచి భటుడును ఉండడనియు ఆ లేఖ సారాంశము. కాంగ్రెసు అంతకు కొన్ని దినముల ముందే 88 పటాలములను నిర్మింప తీర్మానించి, యుద్ధాంతమువఱకు నుండువారిలో కర్నలుకు 500 ఎకరములు, కెప్టెనుకు 300, భటునికి 100 ఎకరముల భూమి నిచ్చెదమని ప్రకటించియుండెను. నియామకాధికారము మాత్రము రాష్ట్రములయొద్దనే నిలిచెను. శాసనసభ్యుని మేనల్లుడు, వర్తకుని బావమఱది, ఓట్లు కూడబెట్టగలవాడు కెప్టెనులైరి. ఈ రీతి మన దేశీయులకును తెలియనిది గాదు గనుక విస్తరింపము.

ఈ చీకటిలో ఆయనకు దొరకిన యిద్దఱిని గూర్చి కొంత చెప్పవలసియున్నది.

హెన్రీ నాక్సు బోస్టనులో పుస్తకముల వర్తకుడు. బీదతనముచే బాల్యముననే బడి మాని పుస్తకముల అంగడిలో పనికి కుదిరి, పిమ్మట తానే అంగడి పెట్టుకొనెను. అమ్మకమునకు వచ్చిన యుద్ధశాస్త్ర గ్రంథములను అమ్ముటకు ముందు తాను చదివెడివాడు. ఫిరంగివిద్య యంతయు ఇట్లు పుస్తకములలో నేర్చినదే. ఇరువదియైదేండ్ల యీ స్థూలకాయుని వాషింగ్టను ఫిరంగిదళమునకు నాయకుని చేసెను. అతడు 1775–76 శీతకాలమున టైకాండరోగా కోటనుండి సుమారు 60 ఫిరంగులను, మంచుమీద ఎద్దులు లాగు బండ్లపై, దాదాపు 300 మైళ్లు తెచ్చెను. వానిని కొండమీద నెక్కించినంతనే, 1776 మార్చి 17వ తేదీని ఆంగ్లులు బోస్టనును విడిచి యోడలెక్కిరి.

నథానియెల్ గ్రీను రోడుద్వీప రాష్ట్రమున ఓడలకు లంగరులు చేయు కొలిమి యజమాని కుమారుడు; యుద్ధమును నిషేధించు క్వేకరు మతమున పుట్టినవాడు. ఒక కాలు కుంటి. స్వగ్రామపు దళము కుంటివాడు అధికారిగ నుండుట తమకు చిన్నతనమని త్రోసివేయగా, అతడు సామాన్యభటుడుగనే అందు చేరెను. ఏడాది గడువకముందే ఆ రాష్ట్రమువారు అతనిని జనరలుగ పంపిరి! ఇతనికిని చదువే గురువు. నాక్సు అంగడి కితడు వచ్చుచుండెడివాడు. వాషింగ్టను సయితము చదువును చిన్నచూపు చూడలేదు. క్రొత్తగ కర్నలైన యొక వర్జీనియా మిత్రునికి 1775లో ఆయన చదువదగిన యుద్ధగ్రంథముల పట్టిక నంపెను. పాఠశాల లేని దేశమున పుస్తకమే పాఠశాలగదా.

గ్రీను తప్పు చేయకపోలేదు. 1776 నవంబరులో హడ్సను నదియొడ్డున వాషింగ్టను పేరనే యున్న కోటను నిలుపవచ్చునని అతడు సలహా చెప్పెను. వాషింగ్టను సందేహించియు కాదనలేదు. 16వ తేదీని కోట పడిపోయెను. 2,800 మందికి పైగా శత్రువులకు బందీలైరి. అందులో అనేకులు న్యూయార్కు చెఱలలో మరణించిరి. ఇంతటి నష్టమునకు కారకుడైన వానిని తొలగింపుమని పలువురు గొణిగిరి. వాషింగ్టను తొలగింపలేదు. నిందలో తన పాలును తాను వహించెను. ఆ కుంటి క్వేకరునియందు తప్పునుండి నేర్చుకొనగల బుద్ధి యున్నదని ఆయన కనిపెట్టెను. కొలదిదినములకే, డిసెంబరు 26వ తేదీని ట్రెంటనుమీద జరిపిన ముట్టడిలో ఒక భాగమునకు గ్రీనునే నాయకునిగ చేసెను. ఆనాడు పట్టుబడిన శత్రువులు సుమారు 900 మంది. వాషింగ్టను చేసిన పనులలో మాకు అన్నిటికంటె గొప్పదిగ తోచునది యుద్ధము గెలుచుటకాదు, ఈ తొలగింపకపోవుటయే.

అధికారులు లేరని కొఱత యుండగా, 1777లో పారిసునుండి అధికారులు వలసినదానికంటె ఎక్కువగ రాసాగిరి! అచటి అమెరికా ప్రతినిధి సైలసు డీను అడిగినవారికెల్ల పెద్ద పదవులు వాగ్దానముచేసి ఓడ లెక్కించుచుండెను. వారిలో పలువురికి భాష రాదు. దర్పమునకు లోటు లేదు. దూ కుద్రే యను ఫ్రెంచి ఫిరంగి యధికారి నాక్సు స్థానమునే కోరి వచ్చెను. గ్రీను, నాక్సు, సల్లివను ముగ్గురును రాజీనామా యిచ్చెదమని కాంగ్రెసునకు వ్రాయగా, కాంగ్రెసు వారి మీద కోపించెను. ఈ చిక్కు విడిపోవుట యెవరి బుద్ధిబలమువలనను కాదు: ఆ సెప్టెంబరులో దూ కుద్రే స్కూల్‌కిల్ నది దాటునప్పుడు అతని గుఱ్ఱము పడవనుండి దుమికి అతడు మునిగిపోయెను. అట్టివారి నడుమ పందొమ్మిదేండ్ల లఫాయెట్టు ఒకడు వచ్చెను. జీతము అక్కఱలేదనెను, నేర్చుకొనుటకు వచ్చితిననెను. బ్రాండివైను యుద్ధమున గాయపడియు నిలిచెను. వాషింగ్టను వానిని కుమారునివలె చూచెను.

స్వదేశీయుల తగవులు మఱియొక తల నొప్పి. 1777 ఫిబ్రవరిలో కాంగ్రెసు ఐదుగురిని మేజరు జనరళ్లుగ నెక్కించెను. ఏ రాష్ట్ర మెంతమంది భటుల నిచ్చినదో చూచి పదవులను పంచు పద్ధతి నవలంబించినందున, వారందఱికంటె సేవలో పెద్దయైన బెనిడిక్టు ఆర్నాల్డు వెనుకబడెను. ఎక్కించినవారిలో నొకడైన ఆడము స్టీఫెను, జర్మనుటౌను యుద్ధమున త్రాగియుండెనని ఆ సంవత్సరముననే తొలగింపబడెను. ఆర్నాల్డు వంటి శూరుని తనను అడుగకయే అవమానించినందుకు వాషింగ్టను మిక్కిలి నొచ్చుకొనెను. ఆర్నాల్డు 1780లో వెస్టుపాయింటు కోటను శత్రువులకు అమ్మజూచి పాఱిపోయినప్పుడు కొందఱు ఈ పాత యవమానమును సాకుగ చెప్పిరి. మే మంగీకరింపము. జాను స్టార్కును అట్లే వెనుకబడి, కోపించి, 1777లో రాజీనామాయిచ్చి యింటికి పోయెను. కాని శత్రువులు తన సీమకు సమీపింపగానే పల్లెవాండ్రను కూడగట్టుకొని ఆగస్టు 16వ తేదీని బెన్నింగ్టనున వారిని చితుకగొట్టెను. ఒకే గాయము ఇరువురిని ఇరుదారుల నడపెను.

1777 డిసెంబరు 19వ తేదీని సైన్యము ఫోర్జిలోయ చేరెను. అచటి ఆకలి, చలి, రోగము ప్రసిద్ధములే. సుమారు రెండువేలమంది భటులు రోగములచే మరణించిరి. అధికారుల సంగతి అంత ప్రసిద్ధము గాదు. కాగితపు నాణెము విలువ దినదినము తఱుగుచుండ, కెప్టెను జీతము తన బట్టలకే చాలకుండెను. ఇంటినుండి భార్య అప్పులవారిని గూర్చి వ్రాయుచుండెను. యుద్ధమునకు రాని పొరుగువాడు వ్యాపారమున ధనవంతుడగుచుండెను. రాజీనామాలు దినదినము సేనాధిపతి బల్లమీదికి వచ్చుచుండెను. 1777 ఆగస్టునుండి మఱుసటి వసంతమువఱకు రెండు మూడువందల యధికారులు వెడలిపోయినట్లు ఆయనయే కాంగ్రెసునకు తెలిపెను. పోవువారిని పిఱికివారనుట కాయనకు నోరాడలేదు.

యుద్ధానంతరము అధికారులకు జీవితాంతము సగము జీతమిండని ఆయన వేడుకొనెను. దానివలన తనకు దమ్మిడీ లాభము లేదు. తానసలు జీతమే పుచ్చుకొనుట లేదు. కాంగ్రెసులో పలువురు భయపడిరి. పింఛనుల సైన్యము రాజులకు తగినదిగాని ప్రజాప్రభుత్వమునకు తగదనిరి. ఆ భయము అర్థములేనిదనలేము. స్వేచ్ఛ కోరి పోరువారు కత్తి పట్టినవానిని శంకించుట సహజమే. కడపట 1778 మే నెలలో ఏడేండ్ల సగము జీతమునకు ఒప్పుకొనిరి. 1780లో జీవితాంతమునకు అంగీకరించిరి గాని ఇచ్చుటకు ధనము లేదు.

ఆ ఫిబ్రవరిలోనే ప్రష్యాదేశపు స్టూబెను లోయకు వచ్చెను. జనరలు పదవి చేసితినని చెప్పించుకొని వచ్చినవాడు నిజమునకు అచట కెప్టెను మాత్రమే. అబద్ధముతో వచ్చినను నిజమైన పని చేసెను. ఆంగ్లాచారము ననుసరించి అమెరికా యధికారులు కవాతు నేర్పుట సార్జంటుల పనియని దూరముగ నిలిచెడివారు. స్టూబెను తెల్లవాఱకముందే లేచి, నూఱుమంది భటులను వరుసదీర్చి, తుపాకిని తన చేతబట్టి చూపుచు, ఇంగ్లీషు రానందున దుబాసీలచేత తిట్టించుచు నేర్పెను. ఆ యధికారులు మొదట చిన్నతనపడిరి, పిమ్మట తామును దిగిరి. రాత్రులు ఫ్రెంచిలో వ్రాసిన పాఠములను ఉదయమునకు ఇంగ్లీషులోనికి మార్చి పంచుచుండిరి. 1779లో అవి గ్రంథమై దండున కంతకును ప్రమాణమయ్యెను.

తరువాతి కథ త్వరగా చెప్పెదము. దక్షిణమునకు కాంగ్రెసు తానెంచుకొన్న గేట్సును పంపగా, 1780 ఆగస్టు 16వ తేదీని కేమ్డనున అతని సేన నాశనమయ్యెను. అప్పుడు కాంగ్రెసు ఎంపికను వాషింగ్టనునకు విడిచెను. ఆయన గ్రీనును పంపెను. గ్రీను, ఒకప్పుడు బండ్లు తోలి బ్రతికిన డేనియల్ మోర్గనును ముందు పెట్టుకొనెను. 1781 జనవరి 17వ తేదీని కౌపెన్సున మోర్గను గెలిచిన యుద్ధమును ఈనాటికిని సైనికవిద్యార్థులు చదువుదురు. ఈ యిరువురిని తఱుముచు అలసిన కార్నువాలిసు అక్టోబరు 19వ తేదీని యార్కుటౌనున తన సేనను అప్పగించెను. ఈ కార్నువాలిసే 1786లో గవర్నరు జనరలై మన దేశమునకు వచ్చి, జీతములు చాలక లంచములు తినుచున్న కుంపిణీ యుద్యోగులకు జీతములు హెచ్చించి సొంత వ్యాపారములను మాన్పించెను. కాని భారతీయులను పెద్ద యుద్యోగములనుండి త్రోసివేసెను. పుట్టుకనుబట్టి యోగ్యతను కొలుచు మూఢత్వము, ఓడిపోయిన సేనానిని విడువక మన యొద్దకు ప్రయాణము చేసెను.

యుద్ధము నిలిచినను జీతములు రాలేదు. 1783 మార్చిలో న్యూబర్గు దండులో అధికారులు, కాంగ్రెసును బెదరించి యైనను తమ బాకీ రాబట్టుకొనవలెనని గుప్తపత్రములు త్రిప్పిరి. ఎన్నియేండ్లో అట్టి యధికారులకై ప్రాధేయపడిన వాషింగ్టను, వారు సరియైన యధికారులైన తరువాత, వారినుండియే ప్రజాప్రభుత్వమును కాపాడవలసివచ్చెను! 15వ తేదీని వారి సభకు తానే వచ్చెను. కాంగ్రెసు సభ్యుని యుత్తరమొకటి చదువబోయి అక్షరములు కనబడక జేబునుండి కండ్లజోడు తీసెను. వారిలో పలువు రంతకు మున్ను ఆయనను కండ్లజోడుతో చూచియుండలేదు. ఈ కొలువులోనే తన చూపును మందగించినదని మెల్లగ క్షమాపణ వేడెను. కఠినులైన యధికారులు కంటనీరు పెట్టిరి, కుట్ర చల్లారెను. వారములోపల కాంగ్రెసు జీవితాంతపు సగము జీతమునకు బదులు ఐదేండ్ల పూర్ణజీతము నిచ్చుటకు తీర్మానించెను. డిసెంబరు 23వ తేదీని ఆయన తన సన్నదును కాంగ్రెసునకు తిరిగి యిచ్చి యింటికి పోయెను.

దేశాధ్యక్షుడై రెండుమాఱులు పాలించి విశ్రమించిన పిమ్మట, 1798లో ఫ్రాన్సుతో యుద్ధభయము కలిగి, ఆయనను మరల సేనాధిపతిని చేసిరి. ఈ సారి క్రిందిజనరళ్లను ఎంచు స్వాతంత్ర్యము ఆయనకే దొరకెను. హామిల్టను, పింక్నీ, నాక్సు అని వరుస పెట్టెను. పూర్వయుద్ధమున హామిల్టను కర్నలుగ నుండగా నాక్సు మేజరు జనరలు. పాత పుస్తకవర్తకుడు తన ప్రాణస్నేహితుని చేతనే ఈ యవమానము పొందితినని కుంది, పదవిని నిరాకరించెను. వాషింగ్టను బుజ్జగించి వ్రాసెను గాని వరుసను మార్చలేదు. పదవీ తారతమ్యపు గాయము నెఱిగినవాడే యోగ్యత యని తాను నమ్మినదానికై ఆ గాయము చేయవలసి వచ్చెను.

1799 డిసెంబరు 12వ తేదీని ఆయన హామిల్టనునకు వ్రాసిన లేఖలో సైనికవిద్యాశాల నొకదానిని స్థాపింపవలెనను యోచనను బలపఱచెను. ఆయన వ్రాసిన కడపటి లేఖలలో నది యొకటి. ఆ దినమే మంచులో తన పొలములను చూచి తిరిగివచ్చి జబ్బుపడి, 14వ తేదీని మరణించెను. ఆ విద్యాశాల 1802లో, ఆర్నాల్డు అమ్మజూచిన వెస్టుపాయింటు కోటలోనే నెలకొనెను.